లావణ్య నడుము

2022లో నేను కామారెడ్డిలో ఒక అద్దె హాలులో యోగా నేర్పేదాన్ని. పొద్దున ఊళ్లోవాళ్లకు, సాయంత్రం ఆన్‌లైన్‌లో విదేశాలవాళ్లకు. ఆన్‌లైన్ ఫీజంతా ఆడపిల్లలను చదివించే ఒక సంస్థకు వెళ్లేది. దాంతో నేపాల్‌లో, కెన్యాలో, మా ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో పిల్లలు చదువుకునేవారు. ఆ మాట చెప్పుకోవడం నాకు భలే గర్వం. ఆదివారాలు ఎల్లారెడ్డిలో ఆ పిల్లలకు ఉచితంగా క్లాసు కూడా పెట్టాను.

లింగంపేట దగ్గరి ఊరి నుంచి లావణ్య వచ్చేది. ఇంటర్ మొదటి సంవత్సరం. తండ్రి దుబాయ్‌లో కూలి, తల్లి గంగవ్వ ఇంట్లోనే బీడీలు చేస్తుంది. చిన్నప్పటి నుంచీ తల్లి పక్కన చాట ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చున్న నడుము ఆ పిల్లది. కాసేపు కింద కూర్చుంటే చాలు, కళ్లలో నీళ్లు తిరిగేవి.

మా పనిలో పోస్చర్ కరెక్షన్ అంటాం, వంకరకు అలవాటు పడ్డ ఒంటిని మెల్లగా దారికి తేవడం. ముందుకు వంగే ఆసనాలు మాన్పించి, భుజంగాసనం లాంటివి మొదలుపెట్టించాను. నా ముందు చేసేది, ఇంట్లో మాత్రం ముట్టేది కాదు.

"బద్ధకమా?" అని కసిరాను.

"గట్ల కాదు మేడం," అని తల వంచుకుంది.

నాకు పంతం పెరిగింది. వాళ్లింటికే వెళ్లి, దగ్గరుండి చేయించమని గంగవ్వకు ఒక్కో ఆసనం చూపించాను. ఆవిడ ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు. వానలు పడే నాటికి లావణ్య గంటసేపు నిటారుగా కూర్చోగలిగింది. నేను మురిసిపోయి ఆ సంగతి ఆన్‌లైన్ క్లాసులో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆ పిల్ల క్లాసుకు రావడం మానేసింది. వెళ్లి చూస్తే వాకిట్లో చాట ముందు కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది, నేను నేర్పినట్టే నడుము నిలబెట్టి. గంగవ్వ ఎదురొచ్చింది.

"మీ పుణ్యాన పిల్ల నడుము మంచిగైంది మేడం. ఇన్నొద్దులు కూసోనీకి చాతకాకపాయె, ఇంట్ల ఉండి ఏం చేస్తదని కాలేజీకి తోలిన. ఇప్పుడు నాకంటె జల్ది చేస్తది."

"ఫీజు మేము కడుతున్నాం కదా గంగవ్వా, చదువు మాన్పించొద్దు."

"ఫీజు మీరు కడ్తరు. దుబాయ్ నుంచి ఆయన పైసలు పంపుడు బంద్ చేసిండు. మాకు బువ్వ ఎవలు పెడ్తరు?"

నేను సంస్థకు ఫోన్ చేశాను. సంస్థవాళ్లు వచ్చారు, కాలేజీ మేడం వచ్చి బతిమాలింది. గంగవ్వ అందరికీ చాయ్ పోసింది గానీ మాట మార్చలేదు. ఆఖరిసారి నేను తిరిగి వెళ్తుంటే లావణ్య రోడ్డు దాకా వచ్చింది.

"ఆ నొప్పి ఒక్కటే నాకు దిక్కుండె మేడం. గందుకే ఇంట్ల ఆసనాలు చేయకపోతి."

నేను దేన్ని బాగుచేశానని చప్పట్లు కొట్టించుకున్నానో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఏ పిల్ల వచ్చినా నొప్పి ఎక్కడని ముందే అడగను. నొప్పి తగ్గితే ఇంట్లో నీతో ఏం చేయిస్తారని అడుగుతాను. కొందరు చెబుతారు, కొందరు నేల చూస్తారు. ఇంటి తిండికి దారి చూడకుండా ఫీజు ఒక్కటే కట్టి చదివిస్తున్నామని చెప్పుకోవడం మానేశాను.

లావణ్య ఇంకా బీడీలే చేస్తోంది. మొన్న ఎల్లారెడ్డి బస్టాండులో గంగవ్వ కనిపించింది. పిల్లకు నొప్పి మళ్లీ రాలేదని చెప్పి, నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.