కోచమ్మ పొట్ట పెంచిన ఏడాది

నగరపు ఈతకొలనులో ఆమెను అందరూ కోచమ్మ అంటారు. గట్టు మీద నిలబడి ఆమె "కాళ్లు!" అని కేక పెడితే, నీళ్లలో ఉన్నవాళ్లే కాదు, టికెట్ల గదిలో కునికే గుమాస్తా కూడా ఉలిక్కిపడి కాళ్లు సర్దుకుంటాడు. ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లు చాలావరకు అరవై దాటిన ఆడవాళ్లు. పుట్టినప్పటి నుంచీ నీళ్లంటే భయపడుతూ, ఆ భయాన్ని వెంటబెట్టుకునే పోవడం ఇష్టం లేక వచ్చినవాళ్లు. వాళ్లను మెట్టు దింపడానికి ఆమె బతిమాలుతుంది, బెదిరిస్తుంది, అవసరమైతే పాట కూడా పాడుతుంది. పాట వినలేక దిగినవాళ్లున్నారు.

మనిషి పొడుగు, వెదురుబద్దలా సన్నం. మూడేళ్ల కిందట ఆమె ఎడమ రొమ్ములో క్యాన్సరు బయటపడింది. రొమ్ము మొత్తం తీసేసి, తర్వాత మందులూ రేడియేషనూ ఇచ్చారు. జబ్బు నయమైంది. రాలిన జుట్టు మళ్లీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి. కోచమ్మ కొలనుకు తిరిగొచ్చింది. ఈతదుస్తుల లోపల కుట్టించుకున్న జేబులో ఒక మెత్తని చిన్న దిండు పెట్టుకునేది. చూసేవాళ్లకు తేడా తెలిసేది కాదు.

ఒకరోజు పొద్దున్నే ఆమె రెండు చేతులూ ఒకేసారి విసిరి సీతాకోకచిలుకలా ఈది చూపిస్తోంది. సగం దూరం వెళ్లేసరికి ఆ దిండు జేబులోంచి జారి, బుడుక్కున పైకి తేలింది. గట్టు పక్కన ఒక పంతులమ్మ నిలబడి ఉంది, ఉద్యోగ విరమణ చేసి ఆ వారమే చేరింది.

"అమ్మో, నీళ్లలో ఏదో ఉంది! కదులుతోంది!" అని ఆవిడ కెవ్వుమంది. మిగతావాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ మెట్లెక్కేశారు.

కోచమ్మ రెండు బారల్లో దాన్ని అందుకుని పైకెత్తి చూపించింది. "భయపడకండి, ఇది నాదే. మీకంటే ముందు దీనికే ఈతొచ్చింది!"

ఒక్క క్షణం అందరూ నోళ్లు తెరిచారు. తర్వాత నవ్వులతో కొలను దద్దరిల్లిపోయింది. పంతులమ్మ నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడింది.

కోచమ్మ కూడా నవ్వింది. కానీ బట్టలు మార్చుకునే గదిలో ఒంటరిగా కూర్చున్నాక ఆమెకు విసుగొచ్చింది. సిగ్గు కాదు, విసుగే. పొద్దున లేస్తే దాన్ని సర్దుకోవడం, వంగితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం, దూకే ముందు తడుముకోవడం. ఇంటికెళ్లి భర్తతో, "ఏమండీ, దీనికి కాపలా కాసీ కాసీ నాకు ప్రాణం విసిగిపోయింది" అంది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మాట తక్కువ, ప్రశ్న ఎక్కువ. "అయితే వేరే దారేముందో కనుక్కుందాం పద" అన్నాడు.

ఆసుపత్రిలో వాళ్లు కలిసిన సర్జను నింపాదైన మనిషి. కాగితం మీద బొమ్మ గీస్తూ చెప్పింది. చర్మం కింద సిలికాన్ సంచి పెట్టించుకోవచ్చు, అది చిన్న ఆపరేషను. కానీ రేడియేషన్ తగిలిన చర్మం బిగుసుకుపోయి ఇబ్బంది పెట్టే అవకాశం ఎక్కువ.

"డాక్టరు గారూ, ఆ సంచికి గ్యారంటీ ఎన్నేళ్లండీ?" అని అడిగాడు భర్త.

కోచమ్మ మోచేత్తో పొడిచింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. "మంచి ప్రశ్న. జీవితాంతం ఉంటుందని చెప్పలేం. ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు."

రెండో దారి, వీపు మీది కండరాన్ని ముందుకు తిప్పి రొమ్ము చేయడం. ఆ మాట వినగానే కోచమ్మ భుజం పట్టుకుంది. "నీళ్లను వెనక్కి లాగేది ఆ కండరమే కదండీ? అది తీస్తే నేను గుండ్రంగా తిరుగుతానేమో!" మూడోది, కడుపు కింది భాగంలోని చర్మం, కొవ్వు తీసి, అందులోని సన్నని రక్తనాళాలను ఛాతీలోని వాటితో కలపడం. కండరం పోదు. కానీ చాలాసేపు పట్టే ఆపరేషను, కోలుకోవడానికి నెలలు కావాలి. నాలుగోది, ఏమీ చేయించుకోకుండా ఛాతీని చదునుగా, శుభ్రంగా ఉంచుకోవడం.

"ఏది చేసినా ఒక మాట ముందే చెప్పాలి. చూడ్డానికి రొమ్ములా ఉంటుంది, స్పర్శ మాత్రం మునుపటిలా ఉండదు. మచ్చలు ఉంటాయి. తొందరేం లేదు, ఆలోచించుకోండి" అంది డాక్టరు.

ఈ కబురు అక్కకు చేరింది. అక్క జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది. మాట కూడా కత్తెరే. "ఈ వయసులో నీకిదేం సరదానే? మా మరిది ఏమైనా అన్నాడా?"

"ఆయనేం అనలేదక్కా."

"మరి ఎవరి కోసం?"

"నా కోసమే. అద్దంలో చూసుకునేది నేనే కదా."

అక్క కాసేపు దువ్వెన తుడిచింది. "సరేలే. పొట్ట కొవ్వే కావాలంటే నాది తీసుకోమను. నీకూ పనవుతుంది, నాకూ భారం తగ్గుతుంది." ఎవరి కొవ్వు వాళ్లకే పనికొస్తుందని చెబితే, "నా అదృష్టం ఎప్పుడూ ఇంతే" అని నిట్టూర్చింది.

తేల్చుకునే ముందు కోచమ్మ మరొకరిని కలిసింది. కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆవిడ, రేడియేషన్ రోజుల్లో పరిచయం. ఆవిడ రెండు రొమ్ములూ తీయించుకుని చదునుగానే ఉండిపోయింది. దుకాణం వెనక గదిలో చొక్కా విప్పి చూపించింది. మచ్చల మీదుగా పూలతీగ పచ్చబొట్టు పొడిపించుకుంది. "నాకు ఇదే హాయి. కానీ నీ ఒళ్లు నీది. నన్ను చూసి కాపీ కొట్టకు" అంది. ఆ తీగ ఎంత బాగున్నా, తనకు కావాల్సింది అది కాదని కోచమ్మకు అక్కడే తెలిసిపోయింది.

ఆమె మూడో దారి ఎంచుకుంది. తీరా పరీక్షిస్తే డాక్టరు తల అడ్డంగా ఊపింది. "మీ పొట్టలో తీయడానికేముందమ్మా? ఇంకొంచెం ఒళ్లు చేస్తే పని సులువవుతుంది. అలాగని అడ్డమైనవీ తినేయకండి, నెమ్మదిగా."

బతుకంతా పొట్ట లోపలికి పీల్చుకోమని లోకానికి నేర్పిన మనిషికి పొట్ట పెంచే పని పడింది! వార్త కొలనులో పొక్కింది. ఆ రోజు నుంచి ముసలమ్మలంతా ఆమె మీద పగబట్టినట్టు తినిపించారు. ఒకరు వెన్న రాసిన రొట్టె, ఒకరు ఉడకబెట్టిన గుడ్లు, పంతులమ్మ సంచీడు వేరుశెనగలు. "నోరు తెరువు! ఇన్నాళ్లూ మమ్మల్ని నీళ్లు తాగించావుగా" అనేది పంతులమ్మ. భర్త రోజూ సాయంత్రం ఆమెను పక్కకు తిప్పి చూసి, "లోడు సరిపోవట్లేదు" అని పెదవి విరిచేవాడు. చివరికి ఒకరోజు ప్యాంటు బొత్తాం పెట్టుకోలేక ఆమె మంచం మీద వెల్లకిలా పడింది. ఇద్దరూ పండగ చేసుకున్నంత పని చేశారు.

ఆపరేషను రోజంతా సాగింది. మెలకువ వచ్చేసరికి కోచమ్మ పొట్ట మీది కుట్లు బిగుసుకోకుండా మోకాళ్లు పైకెత్తి పడుకుని ఉంది. నర్సు గంట గంటకూ వచ్చి చిన్న యంత్రాన్ని కొత్త రొమ్ముకు ఆనించేది. లోపల రక్తం పారే చప్పుడు వినిపించేది. భర్త చెవి ఒగ్గి విని, "మోటారు బాగానే ఉంది" అనేవాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ చప్పుడు మందగించింది. చర్మం కమిలినట్టు నల్లబడసాగింది. డాక్టరు వచ్చి చూసి, "రక్తం తిరిగి వెళ్లే నాళం మూసుకుపోతోంది, వెంటనే తెరవాలి" అని మళ్లీ థియేటరుకు తీసుకెళ్లింది. వరండాలో భర్త ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అక్క దుకాణం మూసి పరుగెత్తుకొచ్చింది. అతని పక్కన కూర్చుని, "వద్దని గట్టిగా చెప్పాల్సింది నేను" అంటూ ముక్కు చీదింది. సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి మాస్కు కిందికి లాగింది. "రంగు తిరిగింది. నిలబడుతుంది." అప్పుడు భర్తకు మాటలు వరదలా వచ్చాయి. డాక్టరు పాపం నిలబడి అన్నిటికీ జవాబు చెప్పింది.

కోచమ్మ చాలా వారాలు నడుం వంచుకుని నడిచింది. నవ్వితే కుట్లు లాగేవి. అందుకని అక్కను గదిలోకి రానివ్వొద్దని భర్తకు హుకుం జారీ చేసింది. తర్వాత కొన్నాళ్లు గట్టు మీద కుర్చీ వేసుకుని నోటితోనే పాఠం చెప్పింది. గొంతు ఏమాత్రం తగ్గలేదు.

నీళ్లలోకి దిగడానికి డాక్టరు ఒప్పుకున్న రోజు ఆమె ఎవరికీ చెప్పకుండా దిగింది. కొత్త రొమ్ముకు నీటి చల్లదనం తెలియలేదు. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు, అయినా ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. తర్వాత గట్టును తన్ని ముందుకు వెళ్లింది. చేతులు చెవుల పక్క నుంచి చాచుకుపోయాయి, ఒళ్లంతా ఒకే మనిషిదిగా కదిలింది.

చనుమొన ఆకారం కావాలంటే మరో చిన్న ఆపరేషను చేయొచ్చు, లేదా రంగుతో పచ్చబొట్టు వేయించుకోవచ్చు అంది డాక్టరు. "చూద్దాం లెండి, ప్రస్తుతానికి నాకూ దీనికీ సరిపోయింది" అంది కోచమ్మ.

ఆ వారం అక్కతో కలిసి బట్టల కొట్టుకెళ్లి, లోపల జేబూ గీబూ లేని మామూలు ఈతదుస్తులు అడిగింది. అక్క ముదురు నీలం తీసింది. కోచమ్మ నిమ్మపండు రంగుది లాక్కుంది.

"మరీ ఇంత పచ్చనా? అరమైలు దూరానికి కనిపిస్తావే!"

"కనిపించనీ అక్కా" అంటూ ఆమె గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.