తక్కువ కరెంటులో నేర్చిన పాట

లింగప్ప టమాటా తోటకు నీళ్ళు కడుతూ పాడితే, దారిన పోయేవాళ్ళు సైకిల్ దిగి కాసేపు విని పోయేవారు. ఆ పాట తెలుగు కాదు, తమిళం కాదు, కన్నడం కూడా కాదు. హోసూరు మిట్ట మీది మా ఊళ్ళో దాన్ని అందరూ జపాన్ పాట అనేవాళ్ళు.

1996లో మూకండపల్లిలోని ఒక ఫ్యాక్టరీకి జపాన్ నుంచి మిషన్లు వచ్చాయి. వాటిని బిగించడానికి నకానో అనే ఇంజినీరు వచ్చాడు. ఆ ఏడు వానలు సరిగా లేక, లింగప్ప తన పాత అంబాసిడర్‌ను ఫ్యాక్టరీకి బాడుగకు పెట్టి తానే నడిపాడు. రోజూ పొద్దున నకానోను లాడ్జిలో ఎక్కించుకోవడం, సాయంత్రం మళ్ళీ దింపడం. ఒకరి భాష ఒకరికి రాదు. నకానో వెనక సీట్లో కూర్చుని, చిన్న క్యాసెట్ ప్లేయరు వైర్లు చెవులకు తగిలించుకుని కళ్ళు మూసుకునేవాడు. మోకాలి మీద ఒక వేలు మాత్రం ఆడుతూ ఉండేది.

"అద్దంలో ఆయప్ప మొగం చూస్తే నాకు ఒగటే ఆశ. ఏమి వింటా ఉండాడో నేనూ వినల్లని," అని లింగప్ప తర్వాత నాతో అన్నాడు.

ఊరికి తిరిగిపోయే రోజు నకానో ఆ క్యాసెట్టును రెండు చేతులతో పట్టుకుని లింగప్పకు ఇచ్చాడు. అట్ట మీద గిటారు పట్టుకుని, భుజాల దాకా జుట్టున్న ఒక కుర్రవాడి బొమ్మ. ఫ్యాక్టరీలో పనిచేసే కడప మనిషి వీరాస్వామికి ఇంగ్లీషు వచ్చు. ఆయనే అడిగి చెప్పాడు: "రాక్ సింగర్ అంటప్పా. పాటలు ఆయనే కట్టి ఆయనే పాడతాడంట. సార్ కాలేజీలో ఉన్నప్పటినుంచి ఈయన పాటలే వింటా ఉండాడంట."

లింగప్పకు ఖాళీ దొరికేది సాయంత్రమే. ఆ వేళకు ఊళ్ళో అందరూ బావుల మీద మోటార్లు వేసేవాళ్ళు. బల్బు నిమ్మపండు రంగులోకి దిగేది, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేటట్టు తిరిగేవి. ఆ కరెంటులోనే టేప్‌రికార్డరు పాడింది. గొంతు లావుగా, నిదానంగా, ఇంటికి పెద్దాయన ఓదార్చినట్టు వచ్చింది. లింగప్ప ఒక్కొక్క ముక్కే వెనక్కి తిప్పి విని, మాటల అర్థం తెలియకుండానే పాటలన్నీ నోటికి నేర్చుకున్నాడు. వాటిలో ఒకటి ఊరంతటికీ నచ్చింది.

నచ్చడానికి కారణం ఉంది. పెండ్లికి ముందు ఇంటి ముందర ఆకుల పందిరి వేస్తాం, చప్పరం అంటాం దాన్ని. మా ఊళ్ళో పైకప్పును నేల మీదే నేరేడు కొమ్మలతో కట్టి, నాలుగు వైపులా మనుషులు నిలబడి ఒక్కసారిగా గుంజల మీదికి ఎత్తుతారు. ఒక మూల తొందరపడితే కప్పు వాలిపోయి ఆకంతా రాలుతుంది. లింగప్ప పాటలో ప్రతి చరణం చివరా ఒక సాగతీత ఉంది. అది మొదలైతే ఎత్తాలి, ఆగితే ఆగాలి. అలా జపాన్ పాట లేకుండా మా ఊళ్ళో చప్పరం లేచేది కాదు.

పదేళ్ళకు క్యాసెట్టు టేపు తెగిపోయింది. కృష్ణగిరిలో కంప్యూటర్ కోర్సు చదువుతున్న కూతురు పవిత్ర, ఆ గాయకుడి పేరును వీరాస్వామి చేత ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని, బ్రౌజింగ్ సెంటర్‌లో వెతికి, పాటలు సీడీలో ఎక్కించుకొచ్చింది. అందరినీ పిలిచి సీడీ పెట్టింది.

డ్రమ్ములు దడదడలాడాయి. కుర్ర గొంతు ఒకటి గసపోస్తూ పరుగెత్తింది. పాట సగం పైగా అయిపోయాక గానీ అది తన పాటేనని లింగప్పకు తెలియలేదు.

"నాయనా, వేరే సీడీ తెచ్చినానా?" అంది పవిత్ర భయంగా.

"లేదమ్మా. ఇదే. నకానో సార్ వేలు గుర్రం మాదిరి పరిగెత్తతా ఉండె. అద్దంలో రోజూ చూసి కూడా నాకు తెలీలేదు."

పక్కింటి గుర్రప్ప ఊరుకుంటాడా. "తక్కువ కరెంటుకు టేపు ఈడ్చుకుంటా తిరిగితే అదే పాటనుకోని, పదేండ్లు మమ్మల్ని ఎద్దులబండిలో తిప్పినావు గదప్పా. అది చూస్తే రైలు."

అందరితో పాటు లింగప్ప కూడా నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి పాడలేదు. తోటలో కూడా పాడలేదు. ఊళ్ళో ఎవరు చప్పరానికి పిలిచినా గొంతు బాగలేదన్నాడు.

మరుసటి ఏడు పవిత్రకు పెండ్లి కుదిరింది. "నా చప్పరానికి నాయన పాడకపోతే ఎట్లమ్మా? ఆ సీడీ తెచ్చింది నేనే గదా," అని తల్లి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జయలక్ష్మమ్మ మొగుడి దగ్గరికి పోయి, "పవిత్ర నాయనా, ఊరి బిడ్డలందరికీ పాడినావు. మన బిడ్డకు ఊరికే నిలబడి చూస్తావా?" అంది.

"తప్పని తెలిసినాక నోరు రాదే," అన్నాడు లింగప్ప.

సరిగ్గా ఆ వారమే ఫ్యాక్టరీలో కొత్త లైను వేయడానికి నకానో మళ్ళీ వచ్చాడు. జుట్టు నెరిసింది. రాగానే పాత డ్రైవరు ఏడీ అని అడిగాడట. వీరాస్వామి ఆయన్ను చప్పరం వేసే పొద్దుకే మా ఊరికి తీసుకొచ్చాడు. కాఫీ చేతికిచ్చి లింగప్ప అడిగిన మొదటి మాట ఇది: "సార్ పాటను నేను పాడు చేసినానా, అడుగు వీరాస్వామీ."

పాడి చూపమన్నాడు నకానో. లింగప్ప నోట్లోనే రెండు ముక్కలు అని ఆపేశాడు. నకానో కాఫీ లోటా కింద పెట్టి, ఏదో చెప్పాడు.

"ఆ సింగర్ ఇప్పుడు పెద్దాయన అయిపోయినాడంటప్పా," అన్నాడు వీరాస్వామి. "పోయిన ఏడు సార్ వాళ్ళ ఊరికి వచ్చి ఇదే పాట పాడినాడంట. గిటారు ఒగటే పెట్టుకోని, ఇట్లనే నిదానంగా. పని విడిచి ఇంటికి పోయే మనిషి పాట అంట ఇది. వయసులో ఉరుకుతా పోయినాడు, ఇప్పుడు నడిచి పోతా ఉండాడు అంటాడు సార్."

"ఇంటికొచ్చిన మనిషి మంచి మాటే చెప్తాడులే," అని లింగప్ప లేచి పోయి కప్పు ఒక మూల పట్టుకున్నాడు.

పాట లేదు కాబట్టి గుర్రప్ప సీడీ పెట్టించాడు. కప్పు మోకాళ్ళ దాకా లేచిందో లేదో, తూర్పు మూల పైకి, పడమటి మూల కిందికి. నేరేడాకులు గుర్రప్ప నెత్తిన రాలాయి. "దించండప్పా, దించండి. ఈ రైలుకు మనమంతా కింద పడతాము."

నకానో బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, లింగప్పకు ఎదుటి మూల పట్టుకున్నాడు. సీడీ ఆపమని చేయి ఊపాడు. ఆయనే మొదలుపెట్టాడు. గొంతు ఏమంత బాగుండదు. కానీ చేతిలో బరువుంది గనుక ఆయనకు కూడా పాట పరుగెత్తలేదు. నడిచింది.

లింగప్ప తలెత్తి చూశాడు. అది తన నడకే. రెండో చరణానికి తన గొంతు కూడా కలిపాడు. సాగతీత దగ్గర ఊరంతా ఊపిరి బిగబట్టి ఎత్తింది. కప్పు ఆకు రాలకుండా లేచి గుంజల మీద కూర్చుంది. గడపలో నిలబడిన పవిత్ర, తల్లి చేయి పట్టుకుని, ఏడుస్తూ నవ్వింది.

"మనకు రైలు వద్దులేప్పా," అన్నాడు గుర్రప్ప ఆకులు దులుపుకుంటూ. "ఎద్దులబండే ఇంటికాడికి వచ్చి నిలుస్తాది."

లింగప్ప వినిపించుకోలేదు. తల పక్కకు వంచి కప్పు వైపు చూస్తున్నాడు. "ఆ మూల ఇంకా రవంత ఎత్తల్ల," అన్నాడు. "పట్టండి. ఈసారి నేను మొదలుపెడతాను."