తలకట్టు లేని ఒకటి

పొద్దున టీవీలో ఎమ్మెల్సీ ఎన్నికల ముచ్చట వచ్చింది. పదవిలో ఉన్నాయనే మళ్లీ నిలబడ్డాడట, ఓటున్న ఎంపీటీసీలందరినీ బస్సెక్కించి ఎక్కడో హోటల్లో దాచారట. "మనుషుల్ని దాచుడేంది అవ్వా" అని మా మనవరాలు నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు, నన్నూ ఒకసారి అట్లాగే దాచారు మరి. అందుకే దీన్ని కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆడవాళ్లకు సీట్లిచ్చినా పేరు మాది, పెత్తనం మగవాళ్లది. ఎల్లారెడ్డి అవతల మా ఊరికి నేను ఎంపీటీసీని. అప్పుడూ పదవిలో ఉన్నాయనే రెండోసారి నిలబడితే, మా ఆయన నన్ను అడగకుండానే నా ఓటు ఆయనకేనని మాటిచ్చి వచ్చాడు. నాకేమో ఆ ఎమ్మెల్సీ మీద కడుపుమంట. కామారెడ్డి కాలేజీకి పోయే పిల్లలకు బస్సు వేయించమని ఆడవాళ్లమంతా ఎంత మొత్తుకున్నా రేపు మాపు అంటూ కాలం గడిపాడు, ఆ బస్సు లేకనే మా బిడ్డ, అంటే దీని తల్లి, పదో తరగతితో ఆగిపోయింది.

ఆయన మనుషులు మమ్మల్ని దాచిన హోటల్లో తిండి బాగానే పెట్టారు, మా మీద నమ్మకమే లేదు. నీళ్లకు లేచినా తలుపు బయట మనిషి. ఆ ఎన్నికలో మనకు కావలసిన పేరు ఎదురుగా ఒకటి అంకె రాయాలి, ఏ భాషలో రాసినా చెల్లుతుంది. అక్కడే వాళ్ల కిటుకు. లెక్కింపులో ఎవరి ఓటో పసిగట్టాలని తలా ఒక తీరు 'ఒకటి' అంకె పంచారు. నాకొక్కదానికే పాత తెలుగు అంకె ఇచ్చారు, తలకట్టు లేని 'గ' లాగా ఉంటుందే, అది. నా గదిలో ఉన్న జుక్కల్ వైపు ముస్లిం మెంబరక్కకు ఉర్దూ ఒకటి ఇచ్చారు. చూస్తే అది ఉత్త నిలువు గీత, ఇంగ్లీషు ఒకటిలో కలిసిపోతుంది, ఆ తెలివిగలవాళ్లకు ఆ సంగతే తట్టలేదు.

నేను దుప్పటి మీద వేలితో ఆ అంకె దిద్దుతుంటే ఆమె చూసి, "చెల్లె, నీ మనసు గాయన దిక్కు లేదు" అంది. నేను ఉలిక్కిపడి అదేం లేదన్నాను.

"నేనైతే ఆయనకే ఏస్త. నీ తెలుగు ఒకటి నేను రాస్త, నా గీత నువ్వు గీసుకో. ఏడ గీస్తవో నాకు చెప్పకు."

మంచి మాటే, కానీ నన్ను పరీక్ష చేయమని వాళ్లే ఈమెను నా పక్కన పడుకోబెట్టారేమో! పైగా మా ఆయన బయల్దేరేటప్పుడే, "మాట పోతే మళ్ల గీ గడప తొక్కకు" అన్నాడు. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఓటు రోజు పెన్ను పట్టుకోగానే బిడ్డ కళ్లముందు కనబడింది. గీతే గీశాను, అదీ అవతలాయన పేరు ఎదురుగా.

ఉన్నాయనే గెలిచాడు. ఆయన మనిషి మా ఇంటికొచ్చి మా ఆయన ముందే, "అక్కా, నీ తెలుగు ఒకటి కనబడ్డది, మాట నిలబెట్టినవ్" అన్నాడు. మా ఆయన మురిసిపోయి చాయ్ పెట్టమన్నాడు. పొయ్యి ముందు కూర్చున్నా నాకు ఒకటే ఆలోచన. ఆ అక్క నిజంగా రాసిందా, లేక వీడు ఇల్లిల్లూ తిరిగి అందరికీ ఇట్లాంటి మాటే చెబుతున్నాడా? తర్వాత ఎల్లారెడ్డి బస్టాండులో ఆమె కలిసింది, చెయ్యి పట్టుకుని పిల్లలు బాగున్నారా అంది గానీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఆయన పోయేదాకా నలుగురిలో నా మాట గురించి గొప్పగా చెప్పుకున్నాడు.

ఇప్పుడు బస్సు ఉంది, దీన్ని రోజూ కామారెడ్డికి తీసుకుపోతోంది. హోటళ్లలో మాత్రం ఫోన్లు గుంజుకుని, గదికి ఒక్కరినే పెడుతున్నారట. ఇద్దరాడవాళ్లు పక్కపక్కన పడుకుంటే ఏం మాట్లాడుకుంటారో వాళ్లకు ఎవరు చెప్పారో మరి.