డేరా మేడమ్

శాసనసభలో ఆమెను వెనకాల ‘డేరా మేడమ్’ అనేవారు. మొదటిసారి గెలిచినప్పుడు ఆ మాటకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండటానికి కూడా ఓపిక లేదు.

తండ్రి సాన చక్రం భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి కత్తులూ కత్తెరలూ పదును పెట్టేవాడు. ఊరి చివర డేరా. పని అయిపోతే ఇంకో ఊరు. కూడికలు ఒక ఊళ్ళో నేర్చుకుంది, తీసివేతలు మరో ఊళ్ళో. గుణకారాలు మొదలయ్యే వేళకు డేరా ఎత్తేశారు. మిగిలిన చదువంతా పెళ్ళయ్యాక, కూతురి పక్కన కూచుని చదివిందే.

అందుకే సభలో ఏళ్ళ తరబడి ఒకే మాట పట్టుకుని వేలాడింది. డేరా ఎక్కడుంటే అక్కడి బడి, ఏడాది మధ్యలోనైనా సరే, పిల్లల్ని చేర్చుకోవాలి. మంత్రులు మారారు కానీ, ‘చూద్దాం’ అనే జవాబు మారలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, సగం కుర్చీలు ఖాళీగా ఉండగా, అది చట్టమైంది. ఎవరో బల్ల చరిచారు. ఆమెకు మాత్రం చెప్పులు విప్పి కాళ్ళు చాపుకోవాలనిపించింది.

సాయంత్రం తమ్ముడి డేరాకు వెళ్ళింది. వాళ్ళు సామాను మూట కడుతున్నారు.

“చట్టం వచ్చిందిరా!”

“వస్తే వచ్చిందిలే అక్కా, ముందు ఆ తాడు పట్టుకో. రేపు వెళ్ళే ఊళ్ళో బడివాళ్ళకు తెలుసా నీ చట్టం?”

“తెలియకపోతే నేనే చెప్తా.”

“ఊరూరా నువ్వే చెప్తావా? ఆ మోకాళ్ళతోనా?”

ఆమె తాడు పట్టుకుంది.

మర్నాడు మేనకోడలి చెయ్యి పట్టుకుని కొత్త ఊరి బడికి వెళ్ళింది. హెడ్మాస్టరు కుర్చీ వేయించి, చేతులు నలుపుకున్నాడు.

“ఇంకా ఉత్తర్వులు రాలేదు మేడమ్. మీకు తెలియందేముంది!”

“రానివ్వండి. అంతదాకా ఇక్కడే కూచుంటాం.”

వరండాలో బల్ల మీద కూచున్నారు. పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. “అత్తా, వీళ్ళు పొమ్మంటే?”

“అనరు. అన్నా నాకు లేచే ఓపిక లేదు.”

భోజనాల గంట కొట్టారు. కాసేపటికి హెడ్మాస్టరు చెయ్యి కడుక్కుని వచ్చాడు.

“మీరిలా గుమ్మంలో కూచుంటే నాకు ముద్ద దిగడం లేదు మేడమ్. రామ్మా, మూడో తరగతిలో కూచో.”

పిల్ల వెనక్కి చూడకుండా పరుగెత్తింది. ఆమె బల్లకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. అంతలో ఫోన్ మోగింది. పక్క ఊరి డేరాల నుంచి ఎవరో తల్లి. అక్కడి బడిలో పిల్లల్ని చేర్చుకోలేదట.

“వస్తున్నా తల్లీ, పిల్లల్ని అక్కడే ఉంచు,” అంటూ గోడ పట్టుకుని లేచింది.