మంచం కింద సీసాలు

డెబ్బైల చివరి మాట. నేను కుప్పంలో కాపురానికి వచ్చిన కొత్తల్లో మా ఆయనకు ఇంట్లోనే బీరు చేసే పిచ్చి ఉండేది. కోలారు గనుల్లో పనిచేసే స్నేహితుడు నేర్పించాడట. మొలకెత్తిన రాగులు, బెల్లం పులియబెట్టి, వానాకాలంలో నేరేడుపండ్లు, చలికాలంలో అల్లం కలిపేవాడు. "కాలానికొక రుచి, సూడు!" అంటూ నాకూ ఒక గుక్క పోసేవాడు. అబద్ధమెందుకు, బాగానే ఉండేది.

చలికాలంలో సీసాలకు బిరడా బిగించి వారం ఉంచేవాడు. ఎండాకాలంలోనూ అదే వారం ఉంచాడు, చల్లగా ఉంటుందని మంచం కింద. వేడికి తొందరగా పులిసి సీసాలో గ్యాసు నిండుతుందని ఆయనకు తట్టలేదు.

ఒకరోజు మధ్యాహ్నం మేమిద్దరం పెరట్లో ఉండగా లోపల ఒక సీసా ఢామ్మని పేలింది. ఆ మంచం మీదే మా ఆర్నెల్ల పాప పడుకుని ఉంది. ఏడుపు వినపడలేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"యాడికి పోతాండావు? మిగిలినవీ పేల్తాయి!" అని ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

గోనెసంచి కప్పుకుని లోపలికి పరిగెత్తాను. కాళ్లలో గాజుపెంకులు దిగుతున్నా తెలియలేదు. పాప బెదిరిపోయి, కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఎత్తుకుని గడప దాటుతుండగా వెనక రెండోది పేలింది.

బయట పాప ఒళ్లంతా తడిమి చూసుకుంటుంటే ఆయన మెల్లగా అడిగాడు, "లోపల ఇంకెన్ని సీసాలు బాగుండాయి?"

ఆ పాపకిప్పుడు పిల్లలు. ఆయనకు నేనింకా జవాబు చెప్పలేదు.