నాలుగింటి జాకెట్ల క్లాసు

గురజాలలో మా ఊరి కేబుల్ ఛానల్‌లో సాయంత్రం నాలుగింటికి నేను జాకెట్లు కత్తిరించడం నేర్పేదాన్ని. స్టూడియో అంటే కేబులాయన మేడ మీద ఒక గది, ఒక బల్ల, గోడకు కట్టిన నీలం దుప్పటి. గుడ్డ పాడుకాకుండా పాత న్యూస్‌పేపర్ మీద గీసి చూపించేదాన్ని. నా తర్వాత రిటైరైన తెలుగు మాస్టారు ఊరి కబుర్లు చదివేవారు. ఏ వీధికి నీళ్లు ఎప్పుడొస్తాయి, ఎవరి గేదె తప్పిపోయింది, ఎవరు కాలం చేశారు, అన్నీ.

రెండేళ్ల కిందట కేబులాయన ఓపిక లేక లైన్లన్నీ నరసరావుపేటలో ఒక కంపెనీకి అప్పగించాడు. నెల తిరక్కుండానే మా గంటసేపు కార్యక్రమం పోయింది. నాలుగింటికి టీవీ పెడితే పాత సినిమా వస్తోంది.

"పోతే పోయిందిలేవే. ఫోన్లో బోలెడు వీడియోలుండాయి. నీ క్లాసు ఎవరిక్కావాలి?" అన్నాడు మా ఆయన. ఆయన లారీ మెకానిక్, ఉన్నమాట అనేస్తాడు. నిజమేనేమో అనుకున్నాను.

మర్నాడు దాచేపల్లి వైపు పల్లె నుంచి ఒకామె నా కుట్టుషాపు వెతుక్కుంటూ వచ్చింది. మిరప కోతలకు పోయే మనిషి. అంతకుముందు నేనామెను చూసి ఎరగను.

"అక్కా, చేతులు ఎట్టా కత్తిరించాలో రేపు చెప్తానంటివి. చెప్పకుండా యాడికి పోయావు?" అంటూ సంచిలోంచి సగం కుట్టిన జాకెట్టు తీసింది. దానికి చేతులు లేవు.

ఆమెను కూర్చోబెట్టి చేతులు కత్తిరించడం చూపించాను. ఆమె వెళ్లిపోగానే షాపు మూసి మాస్టారి ఇంటికి నడిచాను.

మా కార్యక్రమం మళ్లీ పెట్టమని మాస్టారు కంపెనీకి అర్జీ రాశారు. సంతకాలకు వీధులు పంచుకున్నాం. ఎవరూ చెయ్యరేమోనని నాకు బెరుకు. కానీ మూడో ఇంట్లోనే ఒక పెద్దాయన నా చేతిలో కాగితం లాక్కున్నంత పని చేశాడు. "నా జతగాడు పోయిన సంగతి మూడో రోజు తెలిసిందమ్మా. ఆఖరి చూపు దక్కలా" అని కళ్లు తుడుచుకుని వేలిముద్ర వేశాడు.

కంపెనీ ఆఫీసుకు పోదామనుకున్నప్పుడు, సంతకం పెట్టడానికి వచ్చిన ఆ మిరప కోతలామే ఒక మాట చెప్పింది. "నిన్ను చూసి కుట్టుకున్న జాకెట్లే వేసుకొని పోదాం అక్కా." ఇరవైమందికి పైగా ఆడవాళ్లం బస్సెక్కాం.

మేనేజరు కుర్రవాడే, మర్యాదగా మాట్లాడాడు. "లోకల్ ప్రోగ్రాం ఎవరూ చూడట్లేదు మేడమ్. యూట్యూబ్‌లో పెట్టుకోండి."

నేను బురఖా సర్దుకుని సంతకాల కాగితాలు బల్ల మీద పెట్టాను. కోతలామె ముందుకొచ్చింది. "చూడకుండానే కుట్టుకున్నామా సారూ? ఇదిగో నాది. ఆ పచ్చది ఆమెది. నాది బటన్ల ఫోను. నీ యూట్యూబు అందులో వస్తదా?"

అందరూ నవ్వారు. ఆయన ఒక్కొక్కరినీ చూశాడు. "ఇవన్నీ టీవీ చూసి కుట్టినవేనా?" అని అడిగాడు. గదినిండా ఎరుపులు, పచ్చలు, నీలాలు. ఒకామె జాకెట్టుకు మెడ వంకరపోయింది, ఇంకొకామె దానికి చంక కింద ముడతలు. ఆ తప్పులన్నీ నా కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. అయినా అంతగా నేనెప్పుడూ గర్వపడలేదు.

"పైవాళ్లతో మాట్లాడతాను" అన్నాడు. ఆ మాట మీద మళ్లీ రెండుసార్లు తిరిగాం. చివరికి ఉత్తరం వచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఒక గంటసేపు మాదే. కార్యక్రమాలు మేమే తయారు చేసుకోవాలి. ఛానల్ నంబరు మాత్రం మార్చేశారు. ఆ కొత్త నంబరు మాస్టారు ఇంటింటికీ తిరిగి చెప్పారు, ముసలివాళ్లకు రిమోట్ నొక్కి చూపించి మరీ.

ఏడో తరగతిలోనే బడి మానేసినదాన్ని. ఆ ఉత్తరం నా పేరు మీద వచ్చింది. ఇంట్లో నిలబడి పైకి చదివాను, రెండుసార్లు. ఇప్పుడు బుధవారాలు ఒక నర్సమ్మ పసిపిల్లల టీకాల గురించి చెబుతోంది. మొదటిరోజు ఆమె కెమెరా వైపు చూడకుండా కాగితంలోకే చూస్తూ చదివింది. పక్కన నిలబడి, "నన్ను చూసి చెప్పమ్మా, ఏం కాదు" అన్నది నేనే.