లోవరాజు గారి మడత మనుషులు

లోవరాజు గారికి ఉన్నది ఒకటే పిచ్చి. మనిషిలా నిలబడి, మడత పెడితే లారీగా మారిపోయే రోబో బొమ్మలు కొనడం. వయసు యాభై ఆరు, ఉద్యోగం కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీ స్టోర్సులో, మనవరాళ్లు ఇద్దరు. వాళ్లకు ఆ బొమ్మలు ముట్టుకునే హక్కు ఆదివారాలు మాత్రమే, అదీ చేతులు కడుక్కున్నాక.

పక్కింటివాణ్ణి కదా, ఓ రోజు చూడ్డానికి రమ్మని పిలిచారు. హాల్లో అద్దాల బీరువా. అందులోని కాఫీ కప్పులన్నీ అటకెక్కాయి. కొత్త ఫ్రిజ్‌తో వచ్చిన థర్మోకోల్‌ని మెట్లుగా కోసి, పాత పట్టుచీర ముక్క పరిచి, వినాయకచవితి సీరియల్ లైట్లు బిగించారు. పదకొండు రోబోలు పెళ్లికి వచ్చిన చుట్టాల్లా నిలబడ్డాయి.

"ఇది ఒరిజినల్ అండి. ఇది డూప్లికేటు. ఇది ఆ డూప్లికేటుకి డూప్లికేటు."

"మూడూ ఒకలాగే ఉన్నాయి కదండీ?"

"అదేనండి గొప్పతనం!"

ఎవరి గొప్పతనమో నాకు తెలియలేదు. వాళ్లావిడ వెంకటదుర్గ గారు స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తూ, "ముప్పయ్యేళ్లుగా ఈయనే నాకు అర్థం కాలేదు. మీకు ఈయన బొమ్మలు ఒక్కపూటలో అర్థమవుతాయేంటండీ?" అన్నారు. బొమ్మలకు నెలకి ఐదొందలు దాటకూడదన్నది ఆవిడ శాసనం.

ఆ నెల బొమ్మ కొనడానికి నన్నూ వెంటబెట్టుకెళ్లారు. కొట్టు యజమాని రాజరత్నం ఒకటి తీసి, "చెయ్యి వెన్నలా తిరుగుతుందండి" అన్నాడు.

"వద్దండి. ఇంకా బిగువైంది చూపించండి."

ఇంకొకటి తీశాడు. "ఇంకా బిగువైంది!" అన్నారు లోవరాజు గారు.

చివరికి డబ్బా చిరిగి, ధర తగ్గి, మోచెయ్యి కదలని బొమ్మ దొరికింది. తిప్పబోతే నా బొటనవేలు వాచింది. లోవరాజు గారి మొహం వెలిగిపోయింది.

"ఆర్నెల్ల కిందట మెత్తనిదే కావాలని చంపేశారండి. ఇప్పుడు నెలనెలా బిగువు పెంచుతున్నారు. ఏంటో మరి!" అన్నాడు రాజరత్నం నాతో.

అక్కణ్ణించి ఇంటికి కాకుండా ఆటోని జగన్నాథపురం పోనిమ్మన్నారు. అక్కడ ఆయన చిన్ననాటి స్నేహితుడు బుల్లియ్య ఇల్లు. చేపల పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

"ఒరేయ్ బుల్లియ్యా, దీన్ని లారీ చెయ్యడం నావల్ల కావట్లేదురా. కాస్త చూడు."

"మళ్లీ తెచ్చావా? ఏ వెధవ బిగించాడ్రా దీన్ని!" అంటూ బుల్లియ్య బొమ్మని కుడిచేత్తోనే అందుకున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి. బొమ్మ రెండుసార్లు జారి ఒళ్లో పడింది. సాయం చేద్దామని లేచాను. లోవరాజు గారు నా కాలు తొక్కారు.

బుల్లియ్య భార్య సత్యవాణి నన్ను వసారాలోకి పిలిచి చెప్పింది. "డాక్టరు గారు పిసకమని రబ్బరు బంతి ఇచ్చారండి. నేనేమన్నా చంటిపిల్లోణ్ణా అని గోడకేసి కొట్టాడు. ఈ బొమ్మలైతే చాలు, ఇంజను దొరికినట్టే కూర్చుంటాడండి. నిన్న చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు."

లోపల టక్కుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే బల్ల మీద లారీ ఉంది. బుల్లియ్య చెమట తుడుచుకుంటున్నాడు.

"బొమ్మలు ఏరడం కూడా రాదేంట్రా నీకు? అన్నీ బిగుసుకుపోయినవే అంటగడుతున్నాడు వాడెవడో. పైనెల నేనూ వస్తాను, పద. నేనే ఏరతాను."

సత్యవాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జబ్బు చేసినప్పట్నించీ బుల్లియ్య గడప దాటలేదట. లోవరాజు గారు కళ్లద్దాలు తీసి తుడిచిందే తుడిచారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "బాగా నటించారండీ! మీకు మడత పెట్టడం రాకపోవడమేంటి?"

ఆయన నాకేసి అయోమయంగా చూశారు.

"మొదటి రెండూ వచ్చండి. మిగతావి నిజంగానే రావండి."